టైరు గాలి లైటు ఆరడం లేదా? రీసెట్‌కి ముందు చూడాల్సినవి

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర పల్లె. ఎనిమిదేళ్ల కిందటి మోడల్ కారు, సెకండ్ హ్యాండులో కొన్నాను. నెల కిందట ముందు రెండు చక్రాలకీ కొత్త టైర్లు వేయించాను. అప్పుడే షాపువాళ్లు ముందు చక్రాలు వెనక్కి, వెనకవి ముందుకి మార్చారు. ఇంటికి వస్తుంటే దారిలోనే మీటరు మీద పసుపు లైటు వచ్చింది. గుర్రపు నాడాలాంటి బొమ్మ, మధ్యలో ఆశ్చర్యార్థకం. అప్పటి నుంచి బండి తీసిన ప్రతిసారీ నిమిషం పైగా ఆరుతూ వెలుగుతూ ఉండి, తర్వాత అలా వెలిగే ఉంటోంది. తెర మీద మూడు టైర్లకి అంకెలు వస్తున్నాయి, ముందు ఎడమ టైరు దగ్గర మాత్రం గీతలే. నాలుగింటికీ 33 గాలి కొట్టించాను. బ్యాటరీ వైరు పీకి పెట్టాను. ఫలితం లేదు. సెన్సర్లు నాలుగూ మార్చాలంటున్నారు. పోయిన ధనుర్మాసంలో కూడా పొద్దున్నే ఈ లైటు వచ్చేది, కొంత దూరం వెళ్లాక ఆరిపోయేది. అదీ ఇదీ ఒకటేనా? మా తమ్ముడి కారులో సెట్ అని బటన్ ఉంది. లైటు వచ్చినప్పుడల్లా వాడు అది నొక్కితే ఆరిపోతుంది. మా బండిలో ఆ బటన్ ఎక్కడుంది? రీసెట్ ఎలా చేయాలి?

సమాధానం: మీ బండికి ఇప్పుడు కావాల్సింది రీసెట్ కాదండీ. ఒక చక్రంలోని సెన్సర్ నుంచి కారుకి సంకేతం రావడం లేదు. అది సరయ్యేదాకా ఏ బటన్ నొక్కినా, ఏ వైరు పీకినా లైటు ఆరదు. మీ తమ్ముడు చేస్తున్న పని మాత్రం ప్రమాదకరమైనది. ఉత్తరంలో మీరు దాన్ని ఒక్క మాటలో చెప్పి వదిలేశారు గానీ, ముందుగా ఆపించాల్సింది అదే. దాని గురించి కిందికి వచ్చాక వివరంగా చెబుతాం.

ఆ పసుపు లైటు రెండు రకాలుగా వస్తుంది. ఆ రెంటికీ అర్థం వేరు. వచ్చీ రాగానే నిలకడగా వెలిగితే ఏదో ఒక టైరులో గాలి తగ్గిందని. మొదట ఒక నిమిషం, నిమిషంన్నర ఆరుతూ వెలుగుతూ ఉండి ఆ తర్వాత నిలకడ పడితే గాలిని కనిపెట్టే ఏర్పాటులోనే లోపం ఉందని. మీది రెండోది. ఇక్కడ గాలి ఎంత కొట్టించినా లాభం లేకపోవడానికి కారణం అదే. పోయిన ధనుర్మాసంలో వచ్చింది మొదటి రకం, అప్పుడు మీ సెన్సర్లు బాగానే పని చేస్తున్నాయి. కాబట్టి అదీ ఇదీ ఒకటి కాదు.

సెట్ బటన్ మీకెందుకు లేదంటే, మీ బండిదీ మీ తమ్ముడి బండిదీ రెండు వేర్వేరు పద్ధతులు. తెర మీద ఒక్కో టైరుకీ విడిగా అంకె కనబడుతోందంటే మీ ప్రతి చక్రంలోనూ, రిమ్ము లోపల, గాలి కొట్టే వాల్వుకి అతికించి ఒక చిన్న సెన్సర్ ఉన్నట్టు. అది గాలి ఒత్తిడినీ వేడినీ కొలిచి రేడియో ద్వారా కారుకి పంపుతుంది. మన దగ్గర ఈ కార్లు ఎక్కువగా 433 మెగాహెర్ట్జ్ మీద నడుస్తాయి. దాని లోపల గుండీ ఆకారంలో లిథియం బ్యాటరీ ఉంటుంది. అది 5 నుంచి 10 ఏళ్లు పని చేస్తుంది. బ్యాటరీ అయిపోతే మొత్తం సెన్సరే మార్చాలి, ఎందుకంటే దాన్ని రెసిన్‌తో మూసేసి ఉంచుతారు. ఇలాంటి బండికి సాధారణంగా సెట్ బటన్ అక్కర్లేదు. గాలి సరిచేసి 25, 30 కిలోమీటర్ల వేగం దాటి పది ఇరవై నిమిషాలు నడిపితే లైటు దానంతటదే ఆరుతుంది. బండి ఆగి ఉన్నప్పుడు బ్యాటరీ ఆదా కోసం సెన్సర్ చాలాసేపు నిద్రలో ఉంటుంది. బంకులో గాలి కొట్టించిన మరుక్షణమే అంకె మారలేదని కంగారు పడకండి.

మీ తమ్ముడి బండిలో టైరు లోపల ఏమీ ఉండదు. బ్రేకులకి ఉన్న ఏబీఎస్ (గట్టిగా బ్రేకు తొక్కినా చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) సెన్సర్లు చక్రం ఎంత వేగంగా తిరుగుతోందో ఎప్పుడూ లెక్కిస్తూ ఉంటాయి. గాలి తగ్గిన టైరు కొంచెం అణిగి, చుట్టుకొలత తగ్గి, మిగతా వాటికంటే రవ్వంత ఎక్కువ తిరుగుతుంది. ఆ తేడా ఒక శాతం కూడా ఉండదు. అంత చిన్న తేడాని పట్టుకోవాలంటే గాలి సరిగ్గా ఉన్నప్పుడు నాలుగు చక్రాలూ ఎలా తిరుగుతాయో కారుకి ముందే తెలిసి ఉండాలి. అది నేర్పడానికే సెట్ బటన్ ఉంది. కొన్ని కార్లలో బటన్ బదులు తెర మీద సెట్టింగుల్లో ఉంటుంది. కారు పుస్తకంలో ఐటీపీఎంఎస్ (టైరులో సెన్సర్ లేకుండా పరోక్షంగా గాలిని కనిపెట్టే ఏర్పాటు) అని రాసి ఉంటే ఈ పద్ధతే.

ఇక మీ చక్రం సంగతి. గీతలు ముందు ఎడమ దగ్గర వస్తున్నాయని ఆ టైరునే విప్పించకండి. షాపులో చక్రాలు ముందువీ వెనకవీ మార్చారని మీరే రాశారు. చాలా కార్లకి ఏ సెన్సర్ ఏ మూల ఉందో మళ్లీ చెప్పాలి. చెప్పకపోతే పాత స్థానాలనే చూపిస్తుంటాయి. అంటే తెర మీద ముందు ఎడమ అని కనబడే సెన్సర్ నిజానికి ఇప్పుడు వెనక ఎడమ చక్రంలో ఉండొచ్చు. కొన్ని కార్లు తమంతట తాము కొత్త స్థానాలు కనుక్కుంటాయి, కొన్ని కనుక్కోవు. మీది ఏ రకమో తెలుసుకోవడానికి పరికరం ఏదీ అక్కర్లేదు. టైర్లు చల్లగా ఉన్నప్పుడు ఒకే గేజితో నాలుగింట్లోనూ వేర్వేరుగా గాలి పెట్టండి. ముందు ఎడమ 30, ముందు కుడి 32, వెనక కుడి 34, వెనక ఎడమ 36. ఊళ్లోనే నెమ్మదిగా, ఓ పావుగంట, 40 దాటేలా నడిపి తెర చూడండి. ఏ అంకె ఎక్కడ కనబడుతోందో కాగితం మీద రాసుకోండి. మూడు అంకెలు కనబడతాయి, నాలుగోది ఎక్కడా ఉండదు. ఆ కనబడని అంకె గాలి మీరు ఏ చక్రంలో పెట్టారో, చెడిపోయిన సెన్సర్ అందులోనే ఉంది. చూడటం అయిపోగానే నాలుగూ మళ్లీ సరైన గాలికి తెచ్చేయండి. ఇలా తేడాగా ఉంచి హైవే ఎక్కొద్దు.

ఆ చక్రం దొరికాక కూర్చుని దాని వాల్వుని దగ్గరగా చూడండి. మిగతా మూడింటితో పోల్చి చూడటం ముఖ్యం. మూడింటికీ లోహపు వాల్వు, రిమ్ముని ఆనుకుని ఆరు పలకల నట్టు ఉండి, దీనికి ఒక్కదానికే మామూలు నల్ల రబ్బరు వాల్వు ఉంటే, టైరు వేసేటప్పుడు సెన్సర్ తీసేసి పాత పద్ధతి వాల్వు పెట్టేశారన్నమాట. సెన్సర్ విరిగిపోతే చెప్పడం ఇష్టంలేక ఇలా చేసే షాపులు ఉన్నాయి. తెలియక చేసేవాళ్లూ ఉన్నారు. కొన్ని కార్లకి కంపెనీ నుంచే రబ్బరు వాల్వు సెన్సర్లు వస్తాయి, అందుకే మిగతా మూడింటితో పోల్చమన్నది. తేడా కనబడితే ఆ షాపుకే వెళ్లి పాత సెన్సర్ ఎక్కడుందని అడగండి. అది విరిగిపోయినా సరే తెచ్చుకోండి, దాని అవసరం ఉంది.

వాల్వు మారకపోతే రెండు అనుమానాలు. ఒకటి, టైరు మిషను మీద సెన్సర్ దెబ్బ తినడం. టైరు అంచుని రిమ్ము నుంచి విడదీసే పార లాంటి పలక సరిగ్గా వాల్వు ఉన్న చోటే నొక్కితే లోపలి ప్లాస్టిక్ పెట్టె పగులుతుంది. రెండు, వయసు. ఎనిమిదేళ్లంటే బ్యాటరీ అయిపోయే ఈడే. ఈ రెంటినీ వేరు చేయడం కష్టం కాదు. బ్యాటరీ అయిపోతున్న సెన్సర్ ఒక్కసారిగా పోదు. కొన్ని వారాలు వస్తూ పోతూ ఉంటుంది, చల్లని పొద్దుల్లో ఎక్కువగా మొరాయిస్తుంది. మీదేమో టైర్లు వేయించిన రోజే, దారిలోనే వచ్చింది, ఆ తర్వాత ఒక్కసారి కూడా ఆరలేదు. అందుకే మా అనుమానం మిషను మీదే. విప్పించే ముందు ఒక్క పని చేయండి. సిగరెట్ లైటర్ సాకెట్లో పెట్టిన ఛార్జర్లు, బయట కొని తగిలించిన ఎలక్ట్రానిక్ సామాన్లు అన్నీ తీసేసి ఒకసారి నడపండి. చవక ఛార్జర్లు కొన్ని ఈ రేడియో సంకేతాన్ని అడ్డుకుంటాయి. నాలుగులో ఒక్కటే రానప్పుడు ఇది కారణం కావడం అరుదే, అయినా ఖర్చు లేని పరీక్ష.

నాలుగూ మార్చాలన్న మాట పూర్తిగా అబద్ధమూ కాదు, పూర్తిగా నిజమూ కాదు. ఒకటి విరిగిందని మిగతా మూడు మార్చనక్కర్లేదు. కాకపోతే నాలుగూ ఒకే రోజు పుట్టినవి, మిగతా మూడింటి బ్యాటరీలూ ఎనిమిదేళ్లవే. ఊహ మీద డబ్బు పెట్టకుండా, టీపీఎంఎస్ (టైరు గాలిని కనిపెట్టే ఏర్పాటు) టూల్ ఉన్న షాపుకి వెళ్లి నాలుగూ చదివించండి. అది చేతిలో పట్టుకునే పరికరం. వాల్వు దగ్గర టైరు పక్కకి ఆనించి బటన్ నొక్కితే సెన్సర్ని నిద్ర లేపి దాని ఐడీ, గాలి, వేడి, బ్యాటరీ బాగుందో తగ్గిందో చూపిస్తుంది. ఒక్కో చక్రానికి అర నిమిషం పని. టైరు విప్పాల్సిన పనే లేదు. మూడూ బాగున్నాయని వస్తే ఒక్కటే కొనండి. వాటిలో ఇంకొకటి కూడా తగ్గిందని వస్తే, వచ్చే ఏడాది మిగతా రెండు టైర్లు మార్చేటప్పుడు వాటి సెన్సర్లూ మార్చుకోవడం తెలివైన పని. విప్పి వేసే కూలి, బ్యాలెన్సింగ్ ఖర్చు ఒకేసారి పోతాయి. టూల్ లేకుండా చూసీ చూడగానే నాలుగూ మార్చాలనే షాపులో ఆ పని చేయించొద్దు.

కొత్త సెన్సర్ కొనేటప్పుడు కారు పేరొక్కటే చెబితే చాలదు. అదే మోడల్‌లో ఏడాదిని బట్టి సెన్సర్ మారుతుంది. ఛాసిస్ నంబరు ఇచ్చి పార్టు నంబరు కనుక్కోండి. విదేశాల నుంచి తెప్పించే చవక రకాల్లో 315 మెగాహెర్ట్జ్‌వి కూడా ఉంటాయి. మీ కారు 433 మీద వింటుంటే అవి ఎంత కొత్తవైనా వినబడవు. ప్రోగ్రామ్ చేసుకునే యూనివర్సల్ సెన్సర్లు కూడా దొరుకుతాయి. వాటితో ఒక సౌకర్యం ఉంది. పాత సెన్సర్ ఐడీనే కొత్తదానిలోకి ఎక్కించొచ్చు. దీన్ని క్లోన్ చేయడం అంటారు. అలా చేస్తే సెన్సర్ మారిందనే కారుకి తెలియదు, కొత్తగా నేర్పాల్సిన పని ఉండదు. ఆ ఐడీ సాధారణంగా సెన్సర్ పెట్టె మీద చిన్న అక్షరాల్లో అచ్చువేసి ఉంటుంది. సెన్సర్ చచ్చిపోయినా ఆ అచ్చు చదవొచ్చు. పాతది తెచ్చుకోమన్నది అందుకే.

బిగించేటప్పుడు దగ్గరుండి చూడండి. టైరు విడదీసేటప్పుడు మిషను పలకకి వాల్వు అవతలి వైపు ఉండాలి. ఈ మాట ముందే చెప్పండి, నొచ్చుకునేవాళ్లుంటే నొచ్చుకోనివ్వండి. లోహపు వాల్వు రకమైతే కొత్త రబ్బరు సీలు, వాషరు, నట్టు, లోపలి పిన్ను కొత్తవే వేయాలి. ఇవి చిన్న కిట్టుగా దొరుకుతాయి. ఎనిమిదేళ్ల రబ్బరు సీలుని మళ్లీ వాడితే గాలి కారే అవకాశం ఎక్కువ. నట్టు బిగింపు సెన్సర్‌తో వచ్చిన కాగితం మీద ఉంటుంది, చాలా వాటికి 4 నుంచి 8 న్యూటన్ మీటర్ల మధ్య. ఇది చాలా తక్కువ బిగింపు. చక్రం నట్లు బిగించే గాలి గన్నుతో బిగిస్తే వాల్వు అక్కడికక్కడే విరుగుతుంది, లేదా కనబడని చిన్న పగులు వచ్చి కొన్నాళ్ల తర్వాత విరుగుతుంది. సెన్సర్‌కీ రబ్బరు వాల్వుకీ బరువులో తేడా ఉంటుంది కాబట్టి ఆ చక్రానికి బ్యాలెన్సింగ్ మళ్లీ చేయించాలి.

మీ వైపు ఇంకో సంగతి పట్టించుకోవాలి. పాలకొల్లు దాటితే నరసాపురం, మొగల్తూరు, ఆ పైన సముద్రం. గాలిలోనే ఉప్పు. చెరువు గట్ల మీద రొయ్యల మేత బస్తాలతో తిరిగే బళ్లకి కింద ఉప్పు నీళ్లు తగులుతాయి. చాలాచోట్ల బోరు నీళ్లు కూడా ఉప్పగానే ఉంటాయి, వాటితోనే కారు కడుగుతారు. సెన్సర్ వాల్వు అల్యూమినియం. దానికి మామూలు వాల్వులో వాడే ఇత్తడి పిన్ను వేస్తే, లేదా అందం కోసం మెరిసే ఇత్తడి మూత పెడితే, ఉప్పు తడిలో ఆ రెండు లోహాలూ ఆనిన చోట అల్యూమినియం తినుకుపోతుంది. తెల్లటి పొడి పట్టి మూత మర మీద అతుక్కుపోతుంది. గాలి కొట్టడానికి పట్టకారు పెట్టి తిప్పితే మూతతో పాటు వాల్వు కూడా విరిగి చేతికొస్తుంది, టైరు అక్కడే కూలబడుతుంది. నికెల్ పూత ఉన్న పిన్ను, లోపల రబ్బరు ఉన్న ప్లాస్టిక్ మూత వేయండి. మూతలు లేకుండా తిరగొద్దు, పిన్ను సందులో ఉప్పూ బురదా చేరుతుంది. కాలువ నీళ్లతోనో మంచి నీళ్లతోనో చక్రాలు వారానికోసారి కడిగితే వాల్వులు ఎక్కువ కాలం మన్నుతాయి.

బిగించాక కారుకి నేర్పించడం. క్లోన్ చేసినదైతే గాలి పెట్టి నడిపితే చాలు. కొత్త ఐడీ అయితే కారుని బట్టి మూడు దారులున్నాయి. కొన్ని కార్లు తమంతట తామే నేర్చుకుంటాయి. బండిని పావుగంట, ఇరవై నిమిషాలు కదపకుండా ఆపి, తర్వాత 40 కిలోమీటర్లు దాటిన వేగంతో పది ఇరవై నిమిషాలు ఆగకుండా నడపాలి. ఈలోగా పాత సెన్సర్ని డిక్కీలో పెట్టుకోకండి, అందులో ఇంకా ప్రాణముంటే కారు దాన్నే పట్టుకుంటుంది. ఇంకొన్ని కార్లలో నేర్చుకునే మోడ్‌లో పెట్టి టూల్‌తో ఒక్కో వాల్వు దగ్గరా నొక్కుతూ రావాలి. వరస ఎక్కువగా ముందు ఎడమ, ముందు కుడి, వెనక కుడి, వెనక ఎడమ. ఒక్కోటి అందగానే హారనో బీపో వినబడుతుంది. మిగతా కార్లకి స్టీరింగ్ కింద ఉన్న ఓబీడీ (కారు కంప్యూటరుకి పరికరం తగిలించే) సాకెట్‌కి స్కానర్ తగిలించి నాలుగు ఐడీలూ టైపు చేయాలి. మీదేదో మాన్యువల్‌లో టైరు ప్రెషర్ అధ్యాయంలో ఉంటుంది. ఏ దారైనా అయిపోయాక 30, 32, 34, 36 పరీక్ష ఇంకోసారి చేసి అంకెలు సరైన మూలల్లో వస్తున్నాయో చూసుకుంటే ఆ రోజుతో పని పూర్తవుతుంది.

ఇప్పుడు మీ తమ్ముడి సెట్ బటన్. అది నొక్కడమంటే "ఇప్పుడు నాలుగు టైర్లలో ఉన్న గాలే సరైనది, దీన్నే కొలతగా పెట్టుకో" అని కారుకి చెప్పడం. కారు అక్షరాలా అదే చేస్తుంది. చేపల పెట్టె తాలూకు మేకు ఒకటి వెనక టైరులో దిగిందనుకోండి. 33 ఉన్న గాలి నెమ్మదిగా 26కి వచ్చింది, లైటు వెలిగింది. మీ తమ్ముడు సెట్ నొక్కాడు, ఆరింది. ఇక కారు లెక్కలో 26 అంటే నిండుగా ఉన్నట్టు. ఆ టైరు ఇంకో 20, 25 శాతం తగ్గి 20 దగ్గరికి దిగేదాకా అది నోరు మెదపదు. గాలి తగ్గిన టైరు ప్రతి చుట్టుకీ పక్కలు మడత పడుతూ లోపల వేడెక్కుతుంది. రోహిణి కార్తె ఎండలో, ఐదుగురు మనుషులతో, జాతీయ రహదారి మీద 100 వేగంతో పోతున్నప్పుడు 20 గాలి ఉన్న టైరు పగిలే అవకాశం చాలా ఎక్కువ. హెచ్చరిక ఇవ్వాల్సిన యంత్రం నోరు మనమే నొక్కేసినట్టవుతుంది. ఇంట్లో అందరికీ ఈ సంగతి చెప్పండి.

సెట్ సరిగ్గా చేసే తీరు ఇది. ముందు గాలి, ఆ తర్వాతే బటన్. డ్రైవరు తలుపు తీస్తే కనబడే స్తంభం మీద స్టిక్కర్ ఉంటుంది. టైరు పక్కన చెక్కి ఉండే పెద్ద అంకె గరిష్ఠం, అది చూడకండి. స్టిక్కర్ మీద మామూలు బరువుకి ఒకటి, నిండు బరువుకి ఒకటి, ముందుకీ వెనక్కీ విడివిడిగా ఉంటాయి. 230 కేపీఏ, 2.3 బార్, 33 పీఎస్ఐ మూడూ ఒకటే. ఆ అంకెలు చల్లటి టైరుకి రాసినవి. అంటే బండి మూడు గంటలైనా ఆగి ఉండాలి, లేదా ఒకటి రెండు కిలోమీటర్లకి మించి నడవకూడదు. మధ్యాహ్నం ఎండలో తాడేపల్లిగూడెం నుంచి వచ్చి బంకులో గాలి చూపించడం ఇందుకు పనికిరాదు.

ఎందుకు పనికిరాదో లెక్క వేస్తే మీ ధనుర్మాసం లైటు కూడా అర్థమవుతుంది. టైరులో గాలి 10 డిగ్రీలు చల్లబడితే 33 మీద సుమారు ఒకటిన్నర తగ్గుతుంది. మిట్టమధ్యాహ్నం నడిచి వచ్చి టైరు లోపల 45 డిగ్రీలు ఉన్నప్పుడు 33 పెట్టించారనుకోండి. తెల్లవారుజామున మంచులో అది 18 డిగ్రీలకి చల్లబడితే అదే గాలి 29 చూపిస్తుంది. ఎక్కడా కారకపోయినా ఆరోగ్యంగా ఉన్న టైరు నెలకి ఒకటి, రెండు పీఎస్ఐ కోల్పోతుంది. దసరాకి గాలి పట్టించి సంక్రాంతి దాకా చూడకపోతే 26, 25కి దిగి లైటు వస్తుంది. పది కిలోమీటర్లు నడిచేసరికి టైరు వేడెక్కి 29కి పెరిగి లైటు ఆరుతుంది. ఆరింది కదా అని వదిలేశారు, నిజానికి మీ టైర్లు ఆ నెలంతా ఆరేడు పీఎస్ఐ తక్కువ గాలితో తిరిగాయి. లైటు రాకపోవడం గాలి బాగుందనడానికి సాక్ష్యం కాదు. 33 పెట్టాల్సిన టైరులో 28 ఉన్నా అది వెలగదు.

కాబట్టి ఒక గేజి కొనుక్కోండి. బంకుల్లో గొట్టం మీటరు రోజంతా నేల మీద పడి దెబ్బలు తింటూ ఉంటుంది, దాని మాట నమ్మలేం. మీ గేజికీ కారు తెరకీ ఒకటి రెండు తేడా ఉంటే పట్టించుకోనక్కర్లేదు. పొద్దున్నే ఇంట్లో కొలిచి ఎంత తక్కువుందో రాసుకుని, బంకుకి వెళ్లాక అంతే కలపమనడం మంచి పద్ధతి. ఇంట్లో 29 ఉంది, 33 కావాలి అంటే, బంకు దగ్గర టైరు వేడెక్కి 31 చూపించినా, దాని మీద 4 కలిపి 35 పెట్టించాలి. వేడి టైరులో గాలి ఎక్కువుందని తీయించడం ఎప్పుడూ చేయొద్దు.

గాలి కుదిరాక, బండి ఆపి, ఇగ్నిషన్ ఆన్ చేసి సెట్ బటన్ మూడు సెకన్ల పైన నొక్కి పట్టుకోవాలి. కారుని బట్టి లైటు నెమ్మదిగా మూడుసార్లు మెరుస్తుంది, లేదా నాలుగు సెకన్లు వెలిగి ఆరుతుంది, లేదా తెర మీద గాలి నమోదైందని వస్తుంది. కొన్నింటికి ఇంజను కూడా నడుస్తూ ఉండాలి. చాలామంది ఇక్కడితో అయిపోయిందనుకుంటారు, అసలు పని ఇక్కడే మొదలవుతుంది. కారు నేర్చుకోవడానికి 20 నిమిషాల నుంచి గంట పైన నడవాలి. వేర్వేరు వేగాల్లో, వీలైనంత తిన్నటి దారిలో. ఒక్క బిగిని అక్కర్లేదు, చాలా కార్లు ముక్కలు ముక్కలుగా నడిపినా కలుపుకుంటాయి. కాలువ గట్టు మీద గుంతలు, మలుపులు, బురదలో చక్రం జారడం ఇవన్నీ లెక్క చెడగొడతాయి. మీరుండే చోటు నుంచి మార్టేరు, పెనుగొండ మీదుగా సిద్ధాంతం దగ్గర 16వ నంబరు జాతీయ రహదారి ఎక్కి రావులపాలెం దాకా వెళ్లి వస్తే సరిపోతుంది. నేర్చుకోవడం పూర్తయ్యేదాకా ఆ బండికి హెచ్చరిక లేనట్టే.

గాలి సరిచేసిన ప్రతిసారీ, టైరు మార్చినా, చక్రాలు ముందుకీ వెనక్కీ మార్చినా మళ్లీ సెట్ చేయాలి. సంక్రాంతికి ఇల్లంతా బయల్దేరి, డిక్కీలో కొబ్బరికాయల బస్తా వేసుకుని, స్టిక్కర్ చెప్పినట్టు వెనక టైర్లకి నిండు బరువు గాలి పెట్టారనుకోండి, అప్పుడూ సెట్ చేయాలి. పండగయ్యాక గాలి తగ్గించినప్పుడు ఇంకోసారి. నడుస్తుండగా వచ్చిన లైటుని ఆర్పడానికి మాత్రం ఎన్నడూ నొక్కకూడదు. ఈ పద్ధతికి ఒక పరిమితి కూడా ఉంది. చక్రాలని ఒకదానితో ఒకటి పోల్చడం మీదే ఆధారపడే పాత రకాలు నాలుగు టైర్లూ సమానంగా తగ్గితే కనిపెట్టలేవు. కాబట్టి మీ తమ్ముడికి నెలకోసారి గేజి తప్పదు.

పంచరు షాపులో రెండు మాటలకి ఒప్పుకోకండి. "ట్యూబు వేసేద్దాం" అంటే, ట్యూబు వేయాలంటే మీ సెన్సర్ వాల్వు తీసేయాలి, లైటు శాశ్వతంగా ఉండిపోతుంది. ట్యూబ్‌లెస్ టైరుకి లోపలి నుంచి మష్రూమ్ ప్యాచ్ వేయించండి. "ముందే జిగురు ద్రవం పోసేస్తే పంచర్లే పడవు" అంటే, అది సెన్సర్ చిన్న రంధ్రంలోకి వెళ్లి గడ్డకడుతుంది. దారిలో తప్పనిసరై వాడితే 80 వేగం దాటకుండా షాపు దాకా వెళ్లి, టైరు విప్పించి సెన్సర్ తుడిపించండి. నైట్రోజన్ పెట్టించుకుంటే తప్పు లేదు, తేమ తక్కువగా ఉంటుంది. వేడికీ చలికీ అది కూడా మామూలు గాలిలాగే పెరుగుతుంది, తగ్గుతుంది. సెట్ చేసే పని అలాగే ఉంటుంది.

స్టెప్నీ వేసినప్పుడు మీ బండికి మళ్లీ ఇలాగే లైటు మెరుస్తుంది, దానికి కంగారు పడొద్దు. స్టెప్నీలో ఎక్కువ కార్లకి సెన్సర్ ఉండదు. అసలు చక్రం తిరిగి వేసి కొంత దూరం నడిపితే ఆరుతుంది. మీ తమ్ముడి బండికి స్టెప్నీ ఉందో లేదో డిక్కీ తీసి చూడమనండి. టైరు గాలి హెచ్చరికా, పంచరు కిట్టూ ఉన్న కార్లకి స్టెప్నీ లేకపోయినా పరవాలేదని కేంద్రం 2020లో నిబంధన మార్చింది. కిట్టు మాత్రమే ఉంటే దాని సీసా మీద గడువు తేదీ చూసుకోవాలి. నడుస్తుండగా నిలకడ లైటు వస్తే, చించినాడ వంతెన లాంటి చోట ఆగకుండా, గట్టిగా బ్రేకు కొట్టకుండా వేగం తగ్గించి వంతెన దిగాక వెడల్పున్న చోట ఆపి, ముందు నాలుగు టైర్లూ కంటితో చూసి, తర్వాత గేజి పెట్టండి.

బ్యాటరీ వైరు పీకడం ఇంకోసారి చేయొద్దు. సెన్సర్ల బ్యాటరీలు టైర్లలోనే ఉంటాయి కాబట్టి దానివల్ల వాటికేమీ కాదు. గడియారం, ఆటో అద్దాల సెట్టింగులు మాత్రం పోతాయి. మీరు ఇప్పటికే పీకారు కాబట్టి అద్దాలు ఒక్క నొక్కుకి పైదాకా వెళ్లకపోతే, పైకి నొక్కి పట్టుకుని పూర్తిగా మూసుకున్నాక కూడా మరో రెండు మూడు సెకన్లు వదలకుండా ఉంచండి. చాలా కార్లలో దాంతో సరవుతుంది.